హామీ పొదుపు ఒప్పందాలు దోపిడీయేనా? ఆరోపణలకు సమాధానాలు

ప్రభుత్వ భవనాల్లో ఇంధనం ఆదా చేసే పనులను హామీ పొదుపు ఒప్పందాల ద్వారా చేయించడం మీద ఒక వాదన చాలాకాలంగా చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: "ఇవి ఉచితమని చెప్పి అంటగట్టే దొంగచాటు అప్పులు. పొదుపు కాగితం మీదే ఉంటుంది, బిల్లులో కనిపించదు. కొలిచేదీ కంపెనీయే, లాభపడేదీ కంపెనీయే. ప్రభుత్వమే అప్పు తెచ్చి పని చేయించుకుంటే ఇంతకంటే చౌక. ఒప్పందం ముగిసేసరికి మిగిలేది పాత ఇనుము. లోటు వస్తే ఎవరూ కట్టరు." ఈ మాటల్లో కొన్ని పూర్తిగా తప్పు. కొన్నింటిలో నిజం కొంత ఉంది కాబట్టే అవి ఇంత తేలిగ్గా నమ్మకం సంపాదించుకున్నాయి. రెంటినీ విడదీసి చూడకపోతే అవసరమైన మంచి పనులు ఆగిపోతాయి, ఆపవలసిన చెడ్డ ఒప్పందాలు మాత్రం ఆగవు.

ముందు ఒప్పందం ఏమిటో చెప్పుకోవాలి. ఒక ఆసుపత్రికో, బడికో, కార్యాలయానికో ఏటా వచ్చే కరెంటు, గ్యాసు బిల్లులను ఇంధన సేవల సంస్థ, అంటే వాడుకలో ఎస్కో, పరిశీలిస్తుంది. దీపాలు, చిల్లర్లు (భవనాన్ని చల్లబరిచే యంత్రాలు), పంపులు, బాయిలర్లు, వాటిని నడిపే నియంత్రణ వ్యవస్థలు మారిస్తే వాడకం ఎంత తగ్గుతుందో లెక్కగట్టి, అంత తగ్గుతుందని రాసి ఇస్తుంది. పెట్టుబడిని ఆ తగ్గుదల నుంచే ఏళ్ళ తరబడి తీరుస్తారు. తగ్గుదల హామీకి చేరకపోతే ఆ తేడా సంస్థ నెత్తిన పడుతుంది. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. అమెరికా తన కేంద్ర ప్రభుత్వ సంస్థలకు ఇలాంటి ఒప్పందాలు చేసుకునే వీలును 1986లోనే చట్టంలో చేర్చింది, 1992లో దాన్ని పొదుపు హామీ తప్పనిసరి అయిన రూపానికి తెచ్చింది. బెర్లిన్ నగరం 1996 నుంచి తన భవనాలను గుంపులుగా కట్టి ఈ పద్ధతిలోనే ఒప్పందాలు ఇస్తూ వచ్చింది.

"దొంగచాటు అప్పు" అన్న ఆరోపణ రెండు వేరువేరు ఒప్పందాలను ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టింది. పొదుపు పంపక పద్ధతిలో పెట్టుబడి ఎస్కోయే తెస్తుంది, వచ్చిన పొదుపును ఇద్దరూ పంచుకుంటారు. హామీ పొదుపు పద్ధతిలో సాధారణంగా అప్పు తెచ్చేది భవన యజమాని, అంటే ప్రభుత్వ సంస్థే. వాయిదాలకు సరిపడా పొదుపు వస్తుందని ఎస్కో పూచీ పడుతుంది. ఈ రెండో పద్ధతిలో అది అప్పే, అప్పుగానే ఖాతాల్లో కనిపించాలి. దాన్ని దాచిపెట్టిన సంస్థ తప్పు చేసినట్టే. యూరప్ గణాంక సంస్థ యూరోస్టాట్ 2017లో ఈ ఒప్పందాలను ప్రభుత్వ ఖాతాల్లో ఎలా చూపాలో చెబుతూ, నష్టభయంలోనూ లాభంలోనూ అధికభాగం నిజంగా ఎస్కో వైపు ఉన్నప్పుడే ఆ ఆస్తిని ప్రభుత్వ పద్దుకు బయట ఉంచవచ్చని నియమం పెట్టింది. అంటే దాచడానికి ఉన్న దారిని లెక్కల నియమాలే మూసేశాయి. ఇక "ఉచితం" అనే మాట అమ్మకందారులది, ఒప్పందానిది కాదు. ఆ మాటను నేనూ సమర్థించను. అయితే ఆ అప్పు తీరేది కొత్త పన్నుతో కాదు, ఇప్పటికే వృథా అవుతున్న బిల్లు డబ్బుతో. అమెరికా చట్టంలో దీనికి ఒక గట్టి కట్టుబాటు ఉంది: ప్రభుత్వ సంస్థ ఒక ఏడాదిలో విద్యుత్ సంస్థకూ ఎస్కోకూ కలిపి కట్టే మొత్తం, ఒప్పందమే లేకపోతే ఆ ఏడాది బిల్లుగా కట్టవలసి వచ్చే మొత్తాన్ని మించకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. "పొదుపు కాగితం మీదే" అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే పొదుపును ఏ మీటరూ చూపించదు. మీటరు చూపేది వాడకాన్ని. పొదుపు అంటే పని చేయకపోయి ఉంటే అయ్యే వాడకానికీ, చేశాక అయిన వాడకానికీ మధ్య ఉన్న తేడా. అందులో మొదటిది ఎప్పటికీ ఊహే. ఆ ఊహకు ఆధారంగా నిలిచేదే బేస్‌లైన్, అంటే పనికి ముందు ఒకటి రెండేళ్ళ వాడకాన్ని ఎండ, చలి, పని గంటలు, భవన విస్తీర్ణం లాంటి కారణాలతో ముడిపెట్టి తయారుచేసిన లెక్క. కొత్త వార్డు తెరిచారు, వేసవి మరీ తీవ్రంగా వచ్చింది, కరెంటు చార్జీలు పెరిగాయి అనుకుందాం. పొదుపు నిజంగా జరిగినా బిల్లు పెరగవచ్చు. బిల్లు పెరిగిందని చూపించి పొదుపు అబద్ధమనడం జ్వరం తగ్గలేదు కాబట్టి మందు వేయనేలేదు అన్నట్టు ఉంటుంది. అలాగే బిల్లు తగ్గింది కాబట్టి పొదుపు నిజమనడం కూడా అంతే తప్పు. బడికి సెలవులు ఎక్కువైనా బిల్లు తగ్గుతుంది.

అసలు మోసానికి సందు ఎక్కడుందో ఒక నడవ చూస్తే అర్థమవుతుంది. అందులో 20 ట్యూబులైట్లు ఉన్నాయి, పాత రకం చోకుతో కలిపి ఒక్కొక్కటి సుమారు 46 వాట్లు లాగుతుంది. కానీ ఆడిట్ నాటికి 8 ట్యూబులు కాలిపోయి, ఎవరూ మార్చక అలాగే ఉన్నాయి. వెలుగుతున్నవి 12, అంటే అసలు వాడకం 552 వాట్లు. ఎస్కో మొత్తం 20 చోట్లా 20 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టింది, ఇప్పుడు వాడకం 400 వాట్లు. మీటరు దగ్గర తగ్గింది 152 వాట్లు. ఒప్పంద పత్రంలో మాత్రం 20 పాత ట్యూబులూ వెలుగుతున్నట్టే లెక్కవేసి, 920 వాట్ల నుంచి 400 తీసేసి, 520 వాట్లు ఆదా అయిందని రాస్తారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 368 వాట్లలో అబద్ధం ఎంత, న్యాయం ఎంత? నడవకు ఉండవలసిన వెలుగు ముందు లేదు, ఇప్పుడు వచ్చింది. చీకట్లో నడుస్తున్న రోగికి అది నిజమైన మేలు. కాని బ్యాంకు వాయిదా ఆ వెలుగుతో తీరదు, తగ్గిన బిల్లుతోనే తీరుతుంది. కాబట్టి బేస్‌లైన్‌ను ఇలా సవరించవచ్చా, సవరిస్తే ఆ భాగాన్ని వాయిదాల లెక్కలోంచి తీసేస్తారా అన్నది సంతకానికి ముందే ఒప్పందంలో రాసి ఉండాలి. సంతకం అయ్యాక చేసే సవరణ దోపిడీకి తలుపు తెరిచినట్టే. ఆరోపణ చేసేవారు ఈ నడవనే చూపించి ఉంటే వారి వాదనకు బలం ఉండేది.

పొదుపు భౌతికంగా సాధ్యమేనా అన్న అనుమానం మాత్రం నిలవదు. వేగం తగ్గినా తగ్గని స్థిర ఒత్తిడి పెద్దగా లేని చోట ఫ్యాను వేగాన్ని పూర్తి వేగంలో 80 శాతానికి దించితే, అది లాగే శక్తి వేగం యొక్క ఘనానికి (మూడో ఘాతానికి) అనుగుణంగా తగ్గి దాదాపు సగానికి వస్తుంది. చాలా పాత భవనాల్లో ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు అర్ధరాత్రి ఖాళీ గదులకు కూడా పూర్తి వేగంతో గాలి కొడుతూనే ఉంటాయి. మోటారుకు వేగ నియంత్రణ పరికరం, గోడకు ఒక టైమరు పెడితే తగ్గే వాడకం ఊహ కాదు. అదే మోటారు తీగకు క్లాంప్ మీటరు తగిలిస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

"కొలిచేదీ కంపెనీయే" అన్న ఆరోపణలో బరువు ఎక్కువ, కాబట్టి దీన్ని దాటవేయలేను. కొలిచే పద్ధతి కోసం అంతర్జాతీయంగా ఐపీఎంవీపీ అనే విధానపత్రం ఉంది. 1996లో ఉత్తర అమెరికా పత్రంగా మొదలై, మరుసటి ఏడాది అంతర్జాతీయ పేరు పొందింది. అది నాలుగు మార్గాలు చెబుతుంది: మార్చిన పరికరంలో ముఖ్యమైన అంశాన్ని మాత్రం కొలిచి మిగిలింది అంచనా వేయడం, పరికరం మొత్తాన్నీ కొలవడం, భవనం మొత్తం బిల్లుల నుంచి తేల్చడం, కంప్యూటర్ నమూనాను అసలు బిల్లులతో సరిపోల్చి వాడడం. వీటిలో మొదటిదే చవక, మొదటిదే ప్రమాదం కూడా. దీపాల వాట్లు కొలుస్తారు, వెలిగే గంటలు మాత్రం ఒప్పందంలో ఒకసారి రాసి వదిలేస్తారు. వెయ్యి దీపాలు ఒక్కొక్కటి 26 వాట్లు తక్కువ లాగుతూ ఏడాదికి 3,000 గంటలు వెలిగితే 78,000 యూనిట్లు ఆదా. అవి నిజానికి 2,000 గంటలే వెలిగితే 52,000. ఆ తేడా ఏ నివేదికలోనూ కనిపించదు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. అమెరికా పార్లమెంటు తరఫున పనిచేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2015లో 20 ప్రాజెక్టుల కొలత నివేదికలను పరిశీలించి, వాటిలో 14 ప్రాజెక్టుల నివేదికలు అసలు అందని పొదుపును కొంతవరకు కలిపి చూపాయని తేల్చింది. కారణం చాలాచోట్ల కంపెనీ చేతిలో లేనిదే: ప్రభుత్వ సంస్థలు కొన్ని పరికరాలను తీసేశాయి, కొన్నింటిని ఒప్పందంలో అనుకున్నట్టు నడపలేదు, అయినా నివేదికలో పాత అంకెలే కొనసాగాయి. తప్పు ఎవరిదైనా డబ్బు మాత్రం ప్రజలదే. దీనికి మందు ఒప్పందాన్ని రద్దు చేయడం కాదు. కొలతను ఎస్కో చేతి నుంచి తీసి, యజమాని నియమించిన వేరే నిపుణుడికి ఇవ్వాలి, పెద్ద పరికరాలకు విడి మీటర్లు పెట్టాలి, గంటలను కూడా ఏడాదికోసారి నమూనాగా కొలవాలి. వీటికయ్యే ఖర్చును ఒప్పందంలోనే చేర్చవచ్చు. చేర్చని ఒప్పందాన్ని నేనైతే ఆమోదించను.

ప్రభుత్వమే చౌకగా అప్పు తెచ్చుకోగలదు. నిజమే, వడ్డీలో ప్రభుత్వానిదే పైచేయి. అయితే హామీ పొదుపు పద్ధతిలో అప్పు తెచ్చేది ప్రభుత్వ సంస్థే అయినప్పుడు ఆ చౌక వడ్డీ ఎలాగూ దానికే దక్కుతుంది, పైన హామీ కూడా వస్తుంది. అప్పు ఒకటి, పూచీ మరొకటి. ఇక ఎస్కోయే పెట్టుబడి తెచ్చిందనుకుందాం. భవనం ఏటి బిల్లు 100 పాళ్ళు, పనికి ఖర్చు 150, ఏటా పొదుపు 25. ఎస్కో దారి 15 శాతం ఖరీదైతే అదనంగా పడేది 22.5. సొంత నిధుల కోసం ఒక్క ఏడాది ఎదురుచూస్తే పోయేది 25. నిధులు వెంటనే చేతికి వచ్చే సంస్థ సొంతంగానే చేసుకోవాలి. అలాంటి సంస్థకు ఈ పద్ధతి అవసరం లేదని నేనూ ఒప్పుకుంటాను. ఏళ్ళ తరబడి మరమ్మతుల పద్దు కోతపడుతున్న బడికి ఆ లెక్క వర్తించదు.

చౌక దీపాలు మార్చి వెళ్ళిపోతారన్న ఫిర్యాదు కూడా ఈ వాదనకు తోడుగా వస్తుంటుంది. త్వరగా తిరిగొచ్చే పనులే ఏరుకునే ధోరణి ఎస్కోలకు సహజం. అందుకే బెర్లిన్‌లో పెద్ద, చిన్న భవనాలను ఒకే టెండరులో కట్టి ఇచ్చారు. ఆ పద్ధతిలో 1,300కు పైగా భవనాలు చేరాయి, హామీ పొదుపు సగటున సుమారు నాలుగో వంతు. దీపాల్లో మిగిలేది కిటికీలకూ, బాయిలరుకూ పెట్టుబడి కావాలంటే అన్నీ ఒకే ఒప్పందంలో ఉండాలి.

పాత ఇనుము మాట తేలిగ్గా తేలుతుంది. బాగా చూసుకున్న చిల్లరు 20 ఏళ్ళకు పైగా నడుస్తుంది. ఒప్పంద కాలంలో మరమ్మతులు, మార్పిడి ఎస్కో బాధ్యతగా రాస్తే, పరికరాన్ని నిలబెట్టడం దానికే లాభం, ఎందుకంటే అది ఆగిన రోజే పొదుపూ ఆగుతుంది. మామూలు టెండరులో గుత్తేదారు బాధ్యత వారంటీతోనే ముగుస్తుంది.

చివరి ఆరోపణ, లోటు ఎవరూ కట్టరని. సరిగ్గా రాసిన ఒప్పందంలో ఏడాదికోసారి లెక్క తేలుస్తారు. హామీ 100 పాళ్ళు, కొలతలో తేలింది 92 అయితే మిగిలిన 8 ఎస్కో చెల్లించాలి. ఇక్కడ చూడవలసిన అంశాలు మూడు. హామీ డబ్బులో కాక యూనిట్లలో ఉందా, ఎందుకంటే డబ్బులో ఉంటే రాబోయే చార్జీల పెరుగుదలను ఎక్కువగా ఊహించి పొదుపును ఉబ్బించవచ్చు. ఒక ఏడాది మిగులుతో మరో ఏడాది లోటును కప్పేసే నిబంధన ఉందా. ఎస్కో మూతపడితే హామీ ఎవరి చేతిలో ఉంటుంది. ఈ మూడో ప్రశ్నకు బ్యాంకు గ్యారంటీ తప్ప మరో జవాబు లేదు. అది మొదటి లోటు లెక్క తేలేవరకే కాకుండా ఒప్పంద కాలమంతా అమల్లో ఉండాలి, ఏటా మిగిలిన అప్పుకు తగినట్టు దాని మొత్తం తగ్గుతూ రావాలి.