ట్రామ్ గోడను తాకదు, నిజమే. మరి దాని తీగ మాటేమిటి?

ఏ పాత నగరంలో కొత్త ట్రామ్ లైను ప్రతిపాదన వచ్చినా ఒకే రకం సందేశం చేతులు మారుతూ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "ట్రామ్ రోడ్డు మీద నడుస్తుంది. ఏ కట్టడాన్నీ కూల్చదు, ఏ గోడనూ తాకదు. లారీలు పుట్టించే అదురు కన్నా దాని అదురు తక్కువ. వందేళ్ల కిందట ఇవే వీధుల్లో ట్రామ్‌లు నడిచాయి కూడా. నచ్చకపోతే రేపు తీసేయవచ్చు. కాబట్టి వారసత్వ ప్రభావ మదింపు పేరుతో నెలలు గడపడం ప్రాజెక్టును అడ్డుకునే ఎత్తుగడ." కొత్త నిర్మాణం పాత కట్టడాలనూ వాటి పరిసరాలనూ ఎలా మారుస్తుందో ముందే లెక్కగట్టడమే ఈ మదింపు. సందేశంలోని ప్రతి వాక్యంలోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంతగా చెలామణి అవుతోంది. నగరాలకు ట్రామ్‌లు రావాలని గట్టిగా కోరుకునే పక్షాన నేనున్నాను. వాటి కోసం వినిపిస్తున్న ఈ వాదన ఎంత డొల్లదో చెప్పాల్సిన బాధ్యత కూడా మా మీదే ఉంది.

"ఏ గోడనూ తాకదు." ట్రామ్ తాకదు, దాని తీగ తాకుతుంది. పట్టాలకు సుమారు 5.5 నుంచి 6 మీటర్ల ఎత్తున కరెంటు తీగ వేలాడాలి. అంటే సరిగ్గా మొదటి అంతస్తు కిటికీల వరుస. ఆ తీగను పట్టి ఉంచాలంటే వీధిలో స్తంభాలు పాతాలి, లేదా ఎదురెదురు భవనాల గోడల్లోకి కొక్కేలు దించి వాటి మధ్య అడ్డతీగ బిగించాలి. ఆ కొక్కెం మీద లాగుడు రేయింబవళ్లు ఉంటుంది, చలికి తీగ కుంచించుకున్నప్పుడు ఇంకా పెరుగుతుంది. కొత్త కాంక్రీటు గోడకు ఇదొక లెక్క కాదు. సున్నంతో కట్టిన పాత గోడల సంగతి వేరు. చాలా చోట్ల బయటికి కనిపించే చెక్కడపు రాయి పైపొర మాత్రమే. దాని వెనక ఉండేది చిన్నాపెద్దా రాళ్లూ సున్నమూ కలిపిన పూరింపు. రంధ్రం రాయి నడుమ పడుతోందా, అతుకు అంచున పడుతోందా, ఎంత లోతుకు దిగుతోంది, లాగి పరీక్షించారా, కొక్కెం ఏ లోహంతో చేశారు అన్నవి ఒక్కో గోడ దగ్గరా తేల్చుకోవాల్సిన విషయాలు. మామూలు ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి రాయిని లోపలి నుంచే చీలుస్తుంది. ఆ చీలిక ప్రారంభోత్సవం నాడు కనబడదు.

పోనీ, అన్నిచోట్లా స్తంభాలే పాతుదామంటే గోడ బతుకుతుంది గానీ ముందున్న దృశ్యం ముక్కలవుతుంది. నిటారుగా సాగే వీధిలో తీగ పెద్దగా కంటికి అడ్డురాదు. మలుపులో అలా కాదు. తీగ తనంతట తాను వంపు తిరగదు. చిన్న చిన్న సరళరేఖలుగా విరుస్తూ, ప్రతి విరుపునూ పక్కకు లాగి కట్టాలి. రెండు లైన్లు కలిసే కూడలిలో ఈ అడ్డతీగలన్నీ కలిసి ఆకాశం నిండా సాలెగూడు అల్లినట్టు ఉంటుంది. ఆ కూడలి ఒక పాత టౌన్‌హాలు ఎదుట ఉందా, లేక వంద మీటర్ల అవతల ఉందా అన్నది నిర్ణయించేది లైను గీసే ఇంజనీరు పెన్సిలే. ఆ గీత పడకముందే ఎవరైనా అడగాలి కదా.

ఇక పట్టాల కింద ఏముందో కూడా చూడాలి. ట్రామ్ వచ్చే ముందు నీటి గొట్టాలు, మురుగు కాలువలు, కేబుళ్లు పక్కకు జరుపుతారు. వారసత్వ నష్టం ఎక్కువగా జరగగలిగేది ఈ తవ్వకాల్లోనే. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో ట్రామ్ లైనును న్యూహేవెన్ దాకా పొడిగించడానికి ముందు లీత్‌లోని కాన్‌స్టిట్యూషన్ వీధిలో, సౌత్ లీత్ పారిష్ చర్చి ఎదుట పురావస్తు తవ్వకాలు జరిపారు. రోడ్డు కింద 360కి పైగా మనుషుల అవశేషాలు బయటపడ్డాయి. మధ్యయుగాల నాటి చర్చి శ్మశానం ఇప్పటి ప్రహరీ దాటి వీధి కింద దాకా పరుచుకుని ఉంది. ముందే పురావస్తు నిపుణులను పిలిచారు కాబట్టి అవి అధ్యయనానికి నోచుకున్నాయి. పిలవకపోతే పొక్లెయిన్ తొట్టిలోకి వెళ్లి ఉండేవి. ఇంకో చిక్కు కంటికి కనిపించదు. తీగ నుంచి వచ్చిన కరెంటు పట్టాల ద్వారా తిరిగి వెళ్తుంది. కరెంటు బయటికి పోకుండా పట్టాల చుట్టూ సరైన అడ్డు లేకపోతే కొంత కరెంటు నేలలోకి జారి, భూమిలో ఉన్న పాత ఇనుప గొట్టాలనూ లోహ భాగాలనూ తినేస్తుంది. రబ్బరు తొడుగుతో దీన్ని అరికట్టవచ్చు, కానీ దాన్ని డిజైన్‌లోనే రాసుకోవాలి.

అదురు విషయంలో మాత్రం సందేశం చాలావరకు సరైన మాటే చెప్పింది. ట్రామ్ నడిస్తే పాత గోడలు నెర్రెలిస్తాయని భయపెట్టే ప్రత్యర్థుల వాదనకు బలం తక్కువ. ప్రకంపన వేగం సెకనుకు 0.3 మిల్లీమీటర్ల దగ్గరకు వస్తేనే ఇంట్లో ఉన్న మనిషికి అదురు తెలిసిపోతుంది. సున్నితమైన వారసత్వ కట్టడాల పునాది దగ్గర, తక్కువ పౌనఃపున్యం గల స్వల్పకాలిక ప్రకంపనలకు జర్మనీ ప్రమాణం డిఐఎన్ 4150-3 సూచించే పరిమితి సెకనుకు 3 మిల్లీమీటర్లు. అంటే పది రెట్ల తేడా. ఇంట్లో టీ కప్పు గలగలమన్నంత మాత్రాన గోడ ప్రమాదంలో పడినట్టు కాదు. 2009లో జర్మనీలోని కొలోన్‌లో నగర ఆర్కైవ్ (పాత పత్రాలు భద్రపరిచే భవనం) కూలిన సంఘటనను ఇక్కడ కొందరు ఉదాహరిస్తుంటారు. అది భూగర్భ రైలు మార్గం నిర్మాణంలో జరిగిన ప్రమాదం. వీధి ట్రామ్‌కు దాన్ని అంటగట్టడం న్యాయం కాదు.

అయితే "తక్కువ" అన్న మాటతో చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. పట్టాలు చీలే చోట, రెండు లైన్లు ఒకదాన్నొకటి దాటే చోట చక్రం ఖాళీ మీద నుంచి దూకుతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది. అలాంటి చోటును అలంకృత గార పైకప్పు ఉన్న హాలు పక్కన పెట్టడం ఎందుకు? పైగా అన్నిటికన్నా పెద్ద అదురు ట్రామ్‌ది కాదు. పాత రోడ్డును పగలగొట్టే యంత్రానిది, నేలను దట్టించే రోలర్‌ది. పనులు మొదలుకాకముందే ఉన్న పగుళ్లను ఫొటోలతో, కొలతలతో నమోదు చేస్తే రేపు వచ్చే తగాదాలో ఇంటి యజమానికీ రక్షణ, ట్రామ్ సంస్థకూ రక్షణ.

సందేశం అసలు ప్రస్తావించని విషయం ఒకటుంది, అది పరిసరం. కట్టడం విలువ దాని గోడల దగ్గరే ఆగిపోదు. వారసత్వ స్థలాల పరిసరాలను కాపాడటంపై, వాటి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమాస్ 2005లో చైనాలోని షియాన్‌లో ఒక ప్రకటననే ఆమోదించింది. ఎడిన్‌బరోలోని ప్రిన్సెస్ వీధినే చూడండి. ఒక పక్క భవనాలు, రెండో పక్క తోటలు, వాటి వెనక కొండ మీద కోట. భవనాలున్న వైపు కాలిబాట మీద నిలబడిన మనిషికీ కోటకూ మధ్య పాతే ప్రతి స్తంభమూ, వేలాడే ప్రతి తీగా ఆ దృశ్యంలో భాగమవుతుంది. అక్కడ ఒక్క రాయి కూడా కదలదు, ప్రభావం మాత్రం ఉంటుంది. ట్రామ్ స్టాపు సంగతీ అంతే. ప్లాట్‌ఫారం కోసం కాలిబాటను 30 సెంటీమీటర్లు లేపితే పాత భవనం ముందున్న రెండు మెట్లు మాయమవుతాయి. గోడ అడుగున ఉన్న రాతి పీఠం సగం మునిగిపోతుంది. వాలు సరిగ్గా ఇవ్వకపోతే వాన నీళ్లు గోడ వైపే మళ్లి చెమ్మ ఎక్కుతుంది. మొదట దృశ్యానికి తగిలిన దెబ్బ చివరికి రాతికీ తగులుతుంది.

పరిసరానికి కీడే కాదు, మేలు కూడా జరగవచ్చు. కార్లు, పార్కింగు తొలగిపోతే ఒక కూడలి మళ్లీ ఊపిరి పీల్చుకుంటుంది. నిజాయితీగల మదింపు దాన్నీ లెక్కలో వేస్తుంది. నష్టాల పద్దు మాత్రమే రాసే నివేదికను నేను కూడా ఒప్పుకోను.

"వందేళ్ల కిందట ఇక్కడే నడిచాయి" అంటారు. నడిచాయి. ఎడిన్‌బరోలో 1956 దాకా నడిచినవి ఒంటి పెట్టె రెండంతస్తుల బండ్లు. 2014 నుంచి నడుస్తున్న ట్రామ్ పొడవు సుమారు 43 మీటర్లు. దాని స్టాపులు, సిగ్నళ్లు, వీధి పక్కన నిలబడే విద్యుత్ పరికరాల పెట్టెలు వేరు. పాత ఫొటో చూపించి కొత్త డిజైన్‌కు అనుమతి అడగలేం.

"రేపు తీసేయవచ్చు" అన్నది మరీ తేలిక మాట. తీగ తీసేయవచ్చు. గోడలో రంధ్రం పూడ్చినా మచ్చ ఉంటుంది. తవ్వేసిన పురావస్తు పొర తిరిగి రాదు.

చివరి ఆరోపణ, ఇదంతా అడ్డుకునే ఎత్తుగడ అన్నది. ఫ్రాన్స్‌లోని బోర్డో అనుభవం దీన్ని సూటిగా కొట్టేస్తుంది. 1958లో పాత ట్రామ్‌లను ఎత్తేసిన ఆ నగరం 2003లో కొత్తవి తెచ్చుకుంది. చారిత్రక కేంద్రంలో పైన తీగలు వద్దన్న పట్టుదల ప్రాజెక్టును చంపలేదు. నేలలోనే కరెంటు పట్టా అమర్చే పద్ధతిని పుట్టించింది. ఆ పట్టా 8 మీటర్ల ముక్కలుగా ఉంటుంది, మధ్యలో 3 మీటర్లు కరెంటు లేని భాగం. ట్రామ్ తన పైన ఉన్నప్పుడే ఆ ముక్కకు కరెంటు అందుతుంది. తొలినాళ్లలో మొరాయించింది, ఖర్చూ ఎక్కువే. అయినా నిలదొక్కుకుంది. 2007లో బోర్డో చారిత్రక కేంద్రం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, ట్రామ్‌లు దాని మధ్య నుంచే నడుస్తున్నాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లోనే నీస్ నగరం ఇంకో దారి పట్టింది. లైనంతా తీగతోనే నడిపి, మస్సేనా, గారిబాల్డి కూడళ్లలో మాత్రం బ్యాటరీతో దాటించింది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తొలి ప్రణాళిక ప్రకారం ఒక లైను కేథడ్రల్ పక్క నుంచే వెళ్లాలి. 2009లో ఆ కూడలిని పాదచారులకు వదిలేసి, ఆ దారి మానుకున్నారు. ఆ నగరంలో ట్రామ్‌లు ఆగిపోలేదు, లైన్లు పెరిగాయి.

ఆలస్యానికి అసలు కారణం మదింపు చేయడం కాదు, దాన్ని ఆఖరున చేయడం. మార్గం ఖరారై, టెండర్లు పిలిచాక వారసత్వ నిపుణుణ్ణి పిలిస్తే అతను చేయగలిగింది స్తంభానికి రంగు ఎంచడమే. మార్గం గీస్తున్నప్పుడే పిలిస్తే స్టాపును నలభై మీటర్లు అవతలికి జరపమంటాడు, పైసా అదనపు ఖర్చు ఉండకపోవచ్చు. ఈ సందేశాన్ని మీకు పంపినవారిని మూడు విషయాలు అడగండి. నడిచే మనిషి కంటి ఎత్తు నుంచి, తీగలతో, స్తంభాలతో, నిలబడి ఉన్న ట్రామ్‌తో సహా గీసిన చిత్రాలు ఉన్నాయా? కొక్కేలు దించే గోడల జాబితా, ఒక్కోదాని పరీక్ష ఫలితం ఉన్నాయా? విద్యుత్ పరికరాల పెట్టెలు ఎక్కడ పెడతారో పటంలో గుర్తించారా?