మడిలో నిలిచిన నీటిని బయటకు పంపుట: కొన్ని సందేహములు

భారీ వర్షం కురిసిన ప్రతిసారీ కృష్ణా డెల్టా కూరగాయల రైతుకు రెండు తప్పకుండా అందుతాయి. మొదటిది నీరు, రెండవది సలహా. సలహా ఏ నోట వచ్చినా, ఏ కరపత్రంలో అచ్చయినా ఒకే వాక్యంతో మొదలవుతుంది: "ముందుగా పొలంలో నిలిచిన నీటిని బయటకు పంపివేయాలి." ఈ వాక్యంలోని శాస్త్రీయతను శంకించే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. ఆ బయట అనే ప్రదేశం ఏ సర్వే నంబరులో ఉన్నది, దాని నాలుగు హద్దులు ఏమిటి, అక్కడ ప్రస్తుతం ఎంత లోతు నీరు ఉన్నది అన్న విషయాలను వినయపూర్వకంగా విచారించడం మాత్రమే నా పని.

శాస్త్రం మాట ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తంలో తప్పు పట్టడానికి వీలులేనిది అదొక్కటే. వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న గాలిని నీరు వెళ్ళగొట్టి తాను కూర్చుంటే, వేరుకు అందవలసిన ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా నీటి గుండా రావలసి ఉంటుంది. మట్టిలో మిగిలిన కాస్తా ఒకటి రెండు రోజుల్లోనే సూక్ష్మజీవుల పాలవుతుంది. ఊపిరాడని వేరు నీటిని పైకి తోడలేదు కనుక, పాదం నిండా నీరున్న టమాటా మొక్క వేసవిలో తడి అందని మొక్క లాగానే తలవాల్చి వాడిపోతుంది. దాన్ని చూసి జాలిపడి కుండీలో ఇంకొక చెంబు పోసే మిద్దె తోటల యజమానులు పట్టణాల్లో ఉన్నారు. వారి దయాగుణాన్ని తప్పు పట్టలేము.

అలాంటి మడిలోంచి ఒక మిరప మొక్కను పీకి చూడండి. రావడానికి అది ఏమాత్రం మొరాయించదు. తెల్లగా ఉండవలసిన పిల్లవేళ్ళు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు జారి చేతికి వస్తుంది, లోపల సన్నటి దారం మిగులుతుంది. అంటుకున్న మట్టి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. చివరి ఆకుల్లో మాత్రం ఇంకా కాస్త పచ్చదనం ఉంటుంది. ఆ పచ్చదనం పరిపాలనాపరంగా ఎంత ముఖ్యమో నష్టపరిహారం దగ్గర మళ్ళీ చెప్పుకుందాం.

ఇక బయట సంగతి. కొల్లేరు ఎగువ పొలాల్లో మడిలోని నీరు బోదెలోకి, బోదెలోంచి కోడు అనే చిన్న మురుగు కాలువలోకి, కోడులోంచి డ్రెయినులోకి, డ్రెయినులోంచి కొల్లేటిలోకి, కొల్లేటిలోంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలని పటంలో చక్కగా గీసి ఉంటుంది. పటాన్ని గోడకు నిలువుగా తగిలిస్తారు కాబట్టి నీరు గబగబా కిందికి జారుతున్నట్టే కనిపిస్తుంది. డెల్టా నేల ఆ మర్యాద పాటించక బల్లపరుపుగా పడుకొని ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎవరి వంతు వారు తెచ్చి కొల్లేటిలో పోస్తారు గాని, అక్కడి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అదీ ఆటుపోట్లకు లోబడి పనిచేస్తుంది, అంటే సముద్రుడికి తీరిక ఉన్నప్పుడే దస్త్రం కదులుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోతుండగా, గట్లు తెగిన బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళలో రోజుల తరబడి నిలిచి, బయట అనేది నగరవాసులకు కూడా దొరకని సరుకని రుజువు చేసింది. అంతవరకూ అది పల్లెల్లోనే కొరతగా ఉందని మనం పొరబడ్డాం.

ఈ మార్గమంతటా పేరుకుని ఉండే గుర్రపు డెక్క గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. లేత ఊదా రంగు పువ్వు ముచ్చటగా ఉందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న ఈ మొక్క, అనుకూలిస్తే రెండు మూడు వారాల్లోనే రెట్టింపవుతుంది. తూము ముఖద్వారంలో అది అల్లుకున్న చాప మీద కొంగలు నిలబడి కిందికి చూస్తుంటాయి, కొంగల పక్కన మనుషులు నిలబడి ఫోటోలు తీస్తుంటారు. కోడును బాగుచేయడం పంచాయతీ పని, డ్రెయినును బాగుచేయడం జలవనరుల వారి పని, ఆ రెండూ కలిసేచోట రోడ్డు కింద ఉన్న తూము రోడ్ల వారి పని. ఈ ముగ్గురి మధ్య హద్దులు తెలియని గుర్రపు డెక్క మూడుచోట్లా సమానంగా పెరిగి, శాఖల మధ్య సమన్వయం అంటే ఎలా ఉండాలో ఒక్కతే చేసి చూపిస్తోంది.

డ్రెయిను నిండితే నీరు వచ్చిన దారినే వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు బయట అంటే పక్క చేను. ఈ విషయమై గట్టు మీద జరిగే చర్చ ప్రతి ఏటా దాదాపు ఇలాగే సాగుతుంది.

"ఏంటి బాబాయ్, మీ చేలో నీళ్ళు మా దొండ పందిరి కిందికి తిప్పారు?"

"మా నీళ్ళు ఎక్కడివిరా అబ్బాయ్, పై చేను వాళ్ళవి. నువ్వూ కింద గట్టు కోసుకో."

"మా కింద డ్రెయినే గదా బాబాయ్, అదే మా మీదికి ఎగదన్నుతోంది."

ఈ సంభాషణలో ఎవరూ అబద్ధం ఆడలేదు. చివరకు ఇద్దరూ కలిసి ఒక ఆయిల్ ఇంజను అద్దెకు తెచ్చి నీటిని డ్రెయినులోకి తోడతారు, డ్రెయిను దానిని నాలుగు చేల అవతల గండిలోంచి తిరిగి పొలాల మీదికి పంపుతుంది. నీటికి కాళ్ళు సాగుతాయి, డీజిల్ బంకుకు బేరం సాగుతుంది.

నీళ్ళు తేవడంలో మనకున్న శ్రద్ధ పంపడంలో లేకపోవడం చారిత్రకంగా వచ్చిన సంప్రదాయమే. కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. గోదావరి జిల్లాలకు వెళితే కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకాలి. ఆయనకు పుష్కరాల్లో పిండప్రదానం చేసేవారు కూడా ఉన్నారు. డ్రెయిను తవ్వినవాడికి ఎక్కడైనా ఒక్క విగ్రహం ఉన్నదేమో చూడండి. నీటిని పంపించిన ఘనతకు మనవారు నెలకొల్పిన స్మారకం వేరే ఉంది, 1968 నాటి కృష్ణా గోదావరి డెల్టా డ్రైనేజీ సెస్సు చట్టం. తెచ్చినవాడికి దండ పడింది, తీసుకుపోయే పని రైతు మీద పన్నుగా పడింది.

సలహా పత్రంలో మిగిలిన అంశాలు కూడా పరిశీలనార్హం. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గాని, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) గాని కలిపి ఆకుల మీద పిచికారి చేయమంటారు. వేరు పనిచేయనప్పుడు మొక్కకు ఆకు ద్వారా తిండి పెట్టడం నిజంగా మంచి ఉపాయం, నేల మీద కాలు పెట్టగలిగినవారు తప్పక చేయవలసినది. ఆ తర్వాతి అంశమే చిక్కు. కుళ్ళు తెగులు రాకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయాలట. మొదళ్ళు తడవలేదని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎత్తు మడులు కట్టుకోవాలని చెప్పే సలహా కూడా సరైనదే. జానెడు ఎత్తు మడి జానెడు లోపు నీటిని సమర్థంగా ఎదుర్కొంటుంది, ఆపై నీటికి వేరొక సలహా పత్రం ముద్రించవలసి ఉంటుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వారు వంగ మొదలు మీద టమాటాను అంటుకట్టి ముంపును తట్టుకునే మొక్కలను తయారు చేశారు, ఎందుకంటే వంగ వేరు టమాటా వేరు కంటే ఎక్కువ సేపు ఊపిరి బిగబట్టగలదు. ఒకరి భారం మరొకరు మోసే ఈ పద్ధతిని మొక్కలలో సాధించిన మానవజాతి, పైన చెప్పిన మూడు శాఖల మీద ఎందుకు ప్రయత్నించలేదో అర్థం కాదు.

ఇక నష్టపరిహారం. విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీకి అర్హత, అదీ రెండు హెక్టార్ల వరకే. కాబట్టి మొక్కలు చావడంలో క్రమశిక్షణ పాటించాలి. అధికారులు పంట నష్టం గణనకు వచ్చేసరికి చివరి ఆకు పచ్చగా ఉన్న మిరప మొక్క బతికి ఉన్నట్టు లెక్క. గణన అయిపోయిన మర్నాడు ఎండ కాసి అది వాలిపోతే, ఆ చావు నిబంధనల పరిధిలోకి రాదు. కౌలు రైతు సంగతి ఇంకా సున్నితమైనది. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద అతనికి 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు గాని, దానికి భూయజమాని సమ్మతి కావాలి, యజమానికి తన పొలం కాగితం మీద వేరొకరి పేరు పడుతుందేమోనని భయం. అందుచేత మునిగిన పందిరి ఒకరిది, పరిహారం పడే బ్యాంకు ఖాతా మరొకరిది అయ్యే సందర్భాలు లేకపోలేదు. నీటికి మాత్రం ఈ విషయంలో పక్షపాతం లేదు, పాసుపుస్తకం అడగకుండానే వస్తుంది.

కేవలం విమర్శించి ఊరుకోవడం సభ్యత కాదు కనుక కొన్ని సూచనలు సమర్పిస్తున్నాను. ప్రతి మండలానికీ ఒక బయటను గుర్తించి, అది ఎక్కడ ఉన్నదో చూపే బోర్డు పాతాలి. సలహా పత్రాలను నీటిలో తేలే కాగితం మీద ముద్రించాలి. అప్పటిదాకా ముంపును ప్రకృతి వైపరీత్యంగా కాక పంటల మార్పిడిగా పరిగణించి, బీర, కాకరల స్థానంలో చేమను, తూటికూరను ప్రోత్సహించాలి, ఆ రెండూ తడిలోనే హాయిగా ఉంటాయి. ఇవేవీ కుదరకపోతే గుర్రపు డెక్కనే ప్రభుత్వం పంటల వివరాలు రాసుకునే ఈ-పంటలో నమోదు చేయాలి. అది విత్తనం అడగదు, ఎరువు అడగదు, మునగదు, గణనకు ఎవరు ఏ రోజు వచ్చినా పచ్చగానే ఉంటుంది. డ్రెయినులో ఉన్నంతవరకు ప్రభుత్వానిది, గట్టు దాటి మడిలోకి వచ్చినది రైతుది అని ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. కౌలు మాత్రం యథాప్రకారం ముందుగానే చెల్లించాలి.