కొరత ఉన్నది ఫెలోలకు, ఫ్రెషర్లకు కాదు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటులో పై అంతస్తువారు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన తమ అబ్బాయినీ, ఒక ప్రైవేటు కాలేజీ కరపత్రాన్నీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. దేశంలో యాక్చువరీల (బీమా కంపెనీలకు నష్టభయాన్ని లెక్కగట్టే నిపుణుల) కొరత తీవ్రంగా ఉంది కాబట్టి యాక్చూరియల్ సైన్సులో డిగ్రీ చేస్తే ఉద్యోగం ఖాయమని అందులో రంగుల్లో అచ్చువేశారు. తొమ్మిదేళ్ళ క్రితం దాదాపు ఇదే మాట నమ్మి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి అలాంటి కోర్సే చదివినదాన్ని కనుక, వారికి చెప్పినదంతా ఇక్కడ కూడా రాస్తున్నాను.

కొరత ఉందన్న మాట అబద్ధం కాదు. పరీక్షలన్నీ ముగించి పూర్తి అర్హత సంపాదించిన యాక్చువరీలు, అంటే ఫెలోలు, దేశం మొత్తం మీద వందల్లోనే ఉన్నారు. ప్రతి బీమా కంపెనీలోనూ ఈ లెక్కలకు బాధ్యత వహించే అపాయింటెడ్ యాక్చువరీ ఉండి తీరాలని నిబంధన కూడా ఉంది. అయితే ఆ కొరత పై మెట్టు మీద ఉంది. ఆ పరీక్షల్లో రెండు మూడు పేపర్లు పాసై మొదటి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారు కింది మెట్టు దగ్గర కిక్కిరిసి ఉన్నారు. పై మెట్టును చూపించి కింది మెట్టు మీదికి మనుషులను పోగుచేస్తున్నారన్నదే నా అభ్యంతరం.

బీకాం చదివినవారందరూ సీఏలు కానట్లే ఈ డిగ్రీ చదివినవారందరూ యాక్చువరీలు కారు. ఆ అర్హత ఇచ్చేది 2006 నాటి యాక్చువరీల చట్టం కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా. ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష పాసై విద్యార్థి సభ్యత్వం తీసుకున్న తరువాత, 2019లో మారిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఫెలో కావడానికి 13 పేపర్లు గట్టెక్కాలి. ఒక్కసారీ తప్పకుండా విడతకు రెండేసి పాసైనా ఏడు విడతలు పడుతుంది, ఒక్కసారీ తప్పనివారిని నేనింకా చూడలేదు. పైగా పేపర్లన్నీ పూర్తయినా ఉద్యోగానుభవం చూపనిదే ఫెలోషిప్ రాదు. అంటే మొదటి ఉద్యోగం దొరకనివారికి చివరి మెట్టు కూడా అందదు.

మా కాలేజీ మాకు చెప్పింది వేరు. మా మార్కులను బట్టి కొన్ని పేపర్లకు మినహాయింపు వస్తుందని చేరేటప్పుడు అన్నారు, రెండో సంవత్సరంలో ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం చర్చల్లో ఉందన్నారు, మూడో సంవత్సరంలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళను క్రమశిక్షణ లేనివాళ్ళన్నారు. మినహాయింపు రానే లేదు. చదివిన పాఠాలనే మళ్ళీ చదువుకుని, సొంతంగా ఫీజు కట్టి, సీఎస్1 (స్టాటిస్టిక్స్), సీఎం1 (యాక్చూరియల్ గణితం) పేపర్లు పాసయ్యాను. ఆ తరువాత పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను.

ఇక చదువు విషయం. ఇంటర్ రెండో సంవత్సరం గణితం 2ఏ పుస్తకం చివర విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అనే అధ్యాయాలుంటాయి. ద్విపద విభాజనం, పాయిజాన్ విభాజనం అక్కడే వస్తాయి. మన కార్పొరేట్ కాలేజీల్లో వీటిని రెండు సూత్రాలుగా బట్టీ పట్టించి, ఎంసెట్‌కు సరిపడా నాలుగు లెక్కలు చేయించి మూసేస్తారు (పేరు ఈఏపీసెట్‌గా మారినా మా ఇంట్లో అది ఇంకా ఎంసెట్టే). యాక్చువరీ చదువు సరిగ్గా అక్కడినుంచే మొదలవుతుంది. ఆ అధ్యాయాలు చదువుతున్నప్పుడు విసుగు పుట్టినవారికి సీఎస్1 పేపరు నరకమే.

రోజంతా ఏం చేస్తారని ఆ అబ్బాయి నాన్నగారు అడిగారు. గచ్చిబౌలిలో మా కార్యాలయంలో నేను చేసేది వాహన బీమా నిల్వల లెక్క. ఈ ఏడాది జరిగిన ప్రమాదాలన్నిటికీ ఈ ఏడాదే పరిహారం చెల్లించడం కుదరదు. కొన్ని కంపెనీ దృష్టికి రావడానికే నెలలు పడుతుంది, కొన్ని కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలుగుతాయి. ఆ సొమ్మును ఇప్పుడే పక్కన పెట్టి ఉంచాలి. ప్రమాదం జరిగిన సంవత్సరాన్ని అడ్డువరుసగా, ఆ తరువాత గడిచిన కాలాన్ని నిలువువరుసగా వేసి చెల్లింపులను నింపితే పట్టికలో ఒక త్రిభుజం ఏర్పడుతుంది. మిగిలిన ఖాళీ సగాన్ని చెయిన్ ల్యాడర్ పద్ధతితో, అంటే పాత సంవత్సరాల్లో చెల్లింపులు సగటున ఎన్ని రెట్లు పెరుగుతూ వచ్చాయో చూసి, అంచనా వేస్తాము. అందులో ఉన్న గణితం హెచ్చవేతలూ భాగహారాలే. కష్టమంతా 2020 సంవత్సరపు వరుస దగ్గర వస్తుంది: లాక్‌డౌన్‌లో రోడ్ల మీద వాహనాలు లేవు, కోర్టులు చాలావరకు మూతపడ్డాయి, మరి ఆ ఏడాది అంకెలను సగటులో కలపాలా, తీసేయాలా? దీనికి సూత్రం లేదు. ఏది చేసినా ఎందుకు చేశామో రాతపూర్వకంగా సమర్థించుకోవాలి. ఆ 13 పేపర్లలో సీపీ3 అనేది పూర్తిగా ఇందుకోసమే ఉంది; లెక్క తెలియని మనిషికి లెక్క సారాంశాన్ని మామూలు మాటల్లో వివరించగలమా లేదా అని పరీక్షిస్తుంది. ఎనిమిదో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ చదివి వచ్చిన నా స్నేహితులు కొందరు అన్నిటికంటే ఎక్కువసార్లు తప్పింది ఆ పేపరే.

బీమా నియంత్రణ సంస్థ నానక్‌రామ్‌గూడలోనే ఉంది కదా, ఇక్కడ ఉద్యోగాలకేం లోటని కూడా అడిగారు. నియంత్రణ సంస్థ హైదరాబాదులో ఉన్నంత మాత్రాన కంపెనీలు ఇక్కడ ఉండవు. జీవిత బీమా సంస్థల ప్రధాన కార్యాలయాలు చాలావరకు ముంబైలో ఉన్నాయి. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి విదేశీ బీమా సంస్థలకు పనిచేసిపెట్టే కేంద్రాలు. వాటిలో పేపర్లతోపాటు ఎక్సెల్, ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ ఎంత వచ్చో చూస్తారు.

అందుకని నేను వారికి చెప్పింది ఇది: అబ్బాయిని స్టాటిస్టిక్స్ ఉన్న మామూలు బీఎస్సీలో, ఫీజు తక్కువున్న మంచి కాలేజీలో చేర్పించండి, దానితోపాటే ఏసెట్ రాయించండి, చివరి సంవత్సరం లోపల రెండు పేపర్లు ప్రయత్నించమనండి. ఈ దారి నచ్చకపోతే స్టాటిస్టిక్స్ డిగ్రీ ఇంకెక్కడైనా పనికొస్తుంది. ఆ అబ్బాయి అంతసేపూ మౌనంగా విని, ఏసెట్‌లో ఎంత ర్యాంకు రావాలక్కా అని అడిగాడు. ర్యాంకు ఉండదు, పాసవడమో తప్పడమో అంతే అన్నాను. వాళ్ళ అమ్మగారి ముఖం చిన్నబోయింది.

ముందు 2ఏ పుస్తకంలో చివరి మూడు అధ్యాయాలూ నెలరోజులు కూర్చుని చేయమన్నాను. పరీక్షలవగానే పుస్తకాలన్నీ కోఠిలో అమ్మేశాడట. ఈ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుక్కుని మళ్ళీ కొనుక్కోమన్నాను.