ఆకాశం ఎర్రగున్నదేంది అల్లుడా?

నిన్న, 2024 అక్టోబరు 10 గురువారం రాత్రి, అమెరికాలో బోలెడుమంది ధ్రువకాంతిని (ఆకాశంలో రంగురంగుల తెరలా వెలిగే అరోరాను) చూశారు. చూడనివాళ్లూ బోలెడుమందే. కాకపోతే వాళ్లంతా ఇంట్లో కూర్చుని చూడలేదు. నేను అరవై మైళ్లు కారు తోలుకెళ్లి, చలిలో గంటన్నర నిలబడి, నూట పన్నెండు ఫొటోలు తీసి మరీ చూడలేదు.

దీనికంతటికీ మూలం మొన్న మే నెల. మే 10న వచ్చిన భూ అయస్కాంత తుపాను మామూలుది కాదు. సూర్యుడి నుంచి ఎగిరొచ్చింది భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తే వచ్చేది ఇది, ధ్రువకాంతిని దూరదూరాలకు కనిపించేలా చేస్తుంది. జీ5 స్థాయి, అంటే అన్నిటికన్నా తీవ్రమైనది. 2003 అక్టోబరు తర్వాత మళ్లీ అంతటిది రావడం అదే మొదలు. లద్దాఖ్‌లో హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకు కూడా ఆ రాత్రి ఆకాశం ఎర్రగా చిక్కింది. న్యూజెర్సీలో ఉన్న నాకు చిక్కలేదు, ఎందుకంటే వారమంతా ఆఫీసు పీల్చి పిప్పి చేస్తే తొమ్మిదిన్నరకే పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మా తోడల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టాడు. ఆకుపచ్చ, గులాబీ, ఊదా, పట్టుచీరల దుకాణంలా ఉంది ఆకాశం. హన్మకొండ నుంచి మామగారు దానికి మూడు దండాలు పెట్టారు. నేను పెట్టిన ఏ ఫొటోకీ ఆయన ఒక్క దండానికి మించి పెట్టలేదు. వెనక్కి వెళ్లి లెక్కపెట్టి చూశాను కూడా.

తోడల్లుడు ఉండేది మినియాపొలిస్‌లో. అక్కడుండి ధ్రువకాంతి ఫొటో తీశాననడం కాకినాడలో ఉండి కాజా తిన్నాననడం లాంటిది. ఈ మాట మా ఆవిడతో అంటే, "మరి నువ్వు న్యూజెర్సీలో ఉండి తియ్యి" అంది.

అందుకని ట్రైపాడ్ కొన్నాను. రిమోట్ కొన్నాను. నుదుటికి కట్టుకునే ఎర్ర లైటు కొన్నాను (తెల్ల లైటైతే చీకటికి అలవాటుపడ్డ కళ్లు మళ్లీ మొదటికొస్తాయి). నెలనెలా డబ్బు కట్టించుకునే ఒక యాప్ కూడా వేసుకున్నాను. ధ్రువకాంతి వచ్చే ముందు అది మనల్ని లేపుతుంది. లేపడమంటే అలా ఇలా కాదు. జూన్ నుంచి ఇప్పటిదాకా పదహారుసార్లు లేపింది, అందులో తొమ్మిదిసార్లు పట్టపగలు.

నిన్న సద్దుల బతుకమ్మ. మామగారు, అత్తగారు ఆగస్టు నుంచి మా దగ్గరే ఉన్నారు. ఇక్కడి అసోసియేషన్ వాళ్లు బతుకమ్మను శనివారానికి జరిపేశారు కానీ అత్తగారికి తిథి అంటే తిథే. తంగేడు, గునుగు దొరకని ఊళ్లో దుకాణం బంతిపూలతో, చామంతులతో ఆవిడ బతుకమ్మను పేరుస్తుండగా యాప్ మోగింది. కేపీ 8. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లకల్లోలంగా ఉందో చెప్పే అంకె అది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉంటుంది. ఎనిమిదంటే మా అక్షాంశానికి పండగే. నేను ఎర్ర లైటు నుదుటికి కట్టుకుని గదిలోంచి బయటికొచ్చేసరికి అత్తగారు లేచి నిలబడి దండం పెట్టారు. దుర్గాష్టమి ఘడియల్లో అల్లుడికి అమ్మవారు పూనిందనుకున్నారట.

మామగారు తానూ వస్తానన్నారు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషి. ఎవరు కారు తాళాలు తీసినా ఆయన కాళ్లకు చెప్పులు వాటంతటవే వచ్చేస్తాయి. మా ఆవిడ నువ్వుల సద్ది, పులిహోర డబ్బాల్లో పెట్టి ఇచ్చింది. ఇస్తూ ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను, ఇది తనూ చదువుతుంది.

ఇక 287 రోడ్డు మీద ట్రాఫిక్. మంగళవారం రాత్రి సూర్యుడి మీద పేలుడు జరిగితే, అందులోంచి ఎగిరిపడ్డ ముద్ద పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి గురువారం పొద్దున పదకొండు దాటగానే భూమికి కొట్టుకుంది. గంటకు సగటున సుమారు 40 లక్షల కిలోమీటర్ల వేగం. మాకు పదకొండు మైళ్లకు నలభై నిమిషాలు పట్టింది. ఆ తీరికలో మామగారికి మొత్తం సైన్సు చెప్పాను. "సూర్యుడి గాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉండాలి మామయ్యా, అప్పుడే భూమి తలుపు తెరుచుకుంటుంది. దాన్ని బీజెడ్ అంటారు. నాది పొద్దుట్నుంచీ మైనస్‌లోనే ఉంది" అంటే ఆయన కంగారుగా నా వైపు తిరిగి, "డాక్టరుకు చూపిచ్చుకున్నవా?" అన్నారు. నాది అంటే నా యాప్‌లోది అని సర్దిచెప్పేసరికి ఇంకో మైలు.

రంగుల గురించి కూడా చెప్పాను. ఆకుపచ్చ వంద కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో వస్తుంది, మనకు అది భూమి వంపు చాటున ఉండిపోతుంది. 200 కిలోమీటర్లు దాటాక ఆక్సిజన్ ఇచ్చే ఎరుపు మాత్రం ఇంత దూరానికీ కనిపిస్తుంది. అయితే చీకట్లో మన కంటికి ఎరుపు సరిగా ఆనదు, కెమెరాకు ఆనుతుంది. "కాబట్టి కంటికి కనపడకపోయినా కెమెరాలో కనిపిస్తే వచ్చినట్టే" అన్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఏడుంబావు ప్రాంతంలో ఆయన కిటికీలోంచి చూస్తూ, "అగో, ఆకాశం ఎర్రగున్నదేంది అల్లుడా?" అన్నారు.

"ఊళ్ల లైట్లు మామయ్యా. ఇక్కడ అలాగే ఉంటుంది. మనం చీకటి ప్రదేశానికి వెళ్తున్నాం కదా" అన్నాను. అదే నిమిషంలో ఫోన్లో యాప్ ఏదో చెప్పబోయింది కానీ దారి చూపించే మ్యాపుకు అడ్డమొచ్చిందని వేలితో పక్కకు నెట్టేశాను. తర్వాత తీసి చూస్తే అది హెచ్చరిక కూడా కాదు, "మా యాప్ నచ్చిందా? ఐదు నక్షత్రాలివ్వండి" అని అడుగుతోంది. నక్షత్రాలు కనపడే చోటు కోసం నేను ఇంధనం తగలేసుకుని పోతుంటే, దానికి నేనే నక్షత్రాలివ్వాలట.

సస్సెక్స్ కౌంటీలో ఒక మొక్కజొన్న చేను పక్కన ఆపాను. పార్కులు చీకటి పడితే మూసేస్తారు కాబట్టి దిక్కు ఈ చేలే. కారు తోక ఉత్తరం వైపు, అంటే చేను వైపు. మామగారికి చలి ఆగదని ఇంజన్, హీటరు ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు ఆపేసి, నలభై అడుగులు నడిచి కంచె దగ్గర ట్రైపాడ్ పాతాను. నేను దిగగానే మామగారు పక్క సీట్లోంచి డ్రైవరు సీట్లోకి మారిన సంగతి నాకు తెలీదు.

నైరుతిలో అష్టమి చంద్రుడు కిందికి దిగుతున్నాడు. చేను మీద పల్చగా మంచు లేస్తోంది. కెమెరాకు చీకట్లో చూపు పెంచే ఐఎస్ఓ 3200, ఒక్కో ఫొటోకి పదిహేను సెకన్లు. మొదటి పాతిక ఫొటోలు బూడిద రంగు. ఇరవై ఆరోది ఎరుపు.

ఎరుపంటే ఏదో మచ్చ కాదు. చేను మీదుగా పైకి లేచిన ఎర్రటి తెర, దాంట్లో నిలువుగా స్తంభాలు. ఒకటి వెలుగు, ఒకటి నీడ, మళ్లీ వెలుగు. పుస్తకాల్లో రాసినట్టే! కళ్లెత్తి చూస్తే పెద్దగా ఏమీ లేదు, అంతా లేత ఎరుపుగా ఉన్నట్టుంది, అది నా నుదుటి లైటు వల్లేమో. కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. నేనే కదా చెప్పింది.

"మామయ్యా! వచ్చింది! దిగి రండి!" అని అరిచాను.

ఆయన తలుపు తీసుకుని, మఫ్లరు చుట్టుకుని, మోకాళ్లు పట్టుకుని నా పక్కకు వచ్చేసరికి నిమిషం. కెమెరా నొక్కాను. బూడిద. ఇంకోటి. బూడిద.

"పోయింది మామయ్యా. ఇప్పుడే ఉండె."

"సరే తీ. చలిగున్నది" అని వెళ్లి కారెక్కారు. నేను నొక్కాను. ఎరుపు! ముందుకన్నా చిక్కగా. "మామయ్యా, మళ్లీ వచ్చింది!" ఆయన మళ్లీ తలుపు, మళ్లీ మఫ్లరు, మళ్లీ మోకాళ్లు. వచ్చేసరికి బూడిద.

ఇలా మూడుసార్లు జరిగింది. ఇందులో శాస్త్రీయంగా ఆలోచించాల్సింది ఏమీ లేదంటారా? నేను ఆలోచించాను. ధ్రువకాంతిలో కొట్టుకునే రకం ఒకటుంది, కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరుతుంది. ఇదే అది అనుకున్నాను. న్యూజెర్సీలో ఇది దొరకడమేంటని ఒళ్లు పులకరించింది. మూడోసారి మామగారు వెనక్కి వెళ్తూ, "నేనొస్తె పోతున్నది, నేను పోతె వస్తున్నది. నా జాతకమే గంతె, మీ అత్తను చూడపోయినప్పుడు గూడ కరెంటు పోయింది" అన్నారు. జాలేసింది. ఆయన కారులోనే కూర్చుంటే మంచిదని, ఇక పిలవకుండా వరసగా తీసుకుంటూ పోయాను. "వస్తోందా?" అని ఆయన లోపల్నుంచి అడగడం, "వస్తోంది మామయ్యా!" అని నేను అరవడం, ఆయన ఉత్సాహంగా ముందుకు వంగడం, ఆ ఫొటో ఇంకా ఎర్రగా రావడం. ఆ ఎరుపుకి, ఆ ఉత్సాహానికి ఉన్న సంబంధం నాకు తట్టలేదు. ఇంజనీరింగ్ చదివాను.

అన్నిటికన్నా ఎర్రటిది ఒకటి ఏరి, కెమెరా నుంచి ఫోన్లోకి దింపి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఊరికే పెట్టలేదు. కింద ఆరు లైన్లు రాశాను. ఆక్సిజన్, ఎత్తు, తరంగదైర్ఘ్యం 630 నానోమీటర్లు, అన్నీ. చివర్లో "కొందరిలా వాకిట్లో నిలబడి కాదు, వెతుక్కుంటూ వెళ్లి తీసింది" అని కూడా.

పెట్టిన రెండు నిమిషాలకు, చీకట్లో కంచె పొడవునా నడుచుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో కెమెరా. ఇరవై రెండేళ్లుంటాయేమో. మా అరుపులు విన్నాడు కాబోలు, తెలుగులోనే అడిగాడు.

"అంకుల్, ఆ కారు మీదేనా?"

అవునన్నాను. (నాకు ముప్పై తొమ్మిది.)

"లోపల కూర్చున్న తాతగారిని కొంచెం బ్రేక్ మీంచి కాలు తీయమంటారా? అరగంట నుంచి మా ఫొటోలన్నీ ఎర్రగా వస్తున్నాయి."

వెనక్కి తిరిగాను. కారు తోక మూడు ఎర్ర కళ్లతో నన్ను చూస్తోంది. ఆ వెలుగు నా భుజాల మీంచి, కంచె గుంజల సందుల్లోంచి వెళ్లి మంచు మీద పడుతోంది. గుంజ ఉన్నచోట నీడ, లేనిచోట వెలుగు. స్తంభాలు.

నేను చూస్తుండగానే అవి ఆరిపోయాయి. కిటికీలోంచి మామగారి తల బయటికొచ్చింది. "ఏమాయె, పోయిందా?"

తర్వాత అడిగితే ఆయన చెప్పింది ఒకటే: ఇంజన్ నడుస్తుంటే బ్రేకు మీద కాలుండాలె. ముప్పై రెండేళ్లలో ఒక్క యాక్సిడెంటు లేదు. దానికి నేనేమంటాను?

ఆ కుర్రాడు మంచివాడే. "ఏడుంబావుకి చూశారుగా అంకుల్? నడినెత్తి దాకా ఎర్రగా వచ్చింది, కంటికే కనపడింది. మళ్లీ ఇంకో విడత వస్తుందేమోనని ఉన్నాం" అన్నాడు. చూశానన్నాను. నిజానికి నేను చూడలేదు, మామగారు చూశారు. 287 మీద, కుడి కిటికీలోంచి. నేను ఊళ్ల లైట్లని చెప్పి ఒప్పించాను.

ఫోన్ తీసి ఫొటో డిలీట్ చేయబోయాను. పదకొండుమంది చూసేశారు. తోడల్లుడి జవాబు వచ్చి ఉంది. "సూపర్ అన్నా! నేను చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్తే నాకూ కనిపించింది. ఫోన్లోనే తీశా, అంత బాగా రాలేదులే." ఆ రాలేదులే అన్న ఫొటోలో ఆకుపచ్చ ఉంది, గులాబీ ఉంది, కింద మూలన చెత్తడబ్బా కూడా వెలిగిపోతోంది. కారులోంచి మామగారి ఫోన్ టింగుమంది. కాసేపటికి ఆ ఫొటో కింద దండాలు పడ్డాయి. నాలుగు.

నా ఫొటో కింద మా ఆవిడ ఒక్క మాట రాసింది: "కంచె బాగా వచ్చింది."

ఇంకా అక్కడ నిలబడే ఓపిక లేక సామాను సర్దేశాను. పదింటికి ఇంకో విడత వచ్చిందట. ఆ టైంకి మేం గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) పైకప్పు కింద, ఆ ట్యూబులైట్ల వెలుగులో, పులిహోర తింటున్నాం. న్యూజెర్సీలో గ్యాస్ మనంతట మనం కొట్టుకోకూడదు, కాబట్టి ఆ మనిషి తీరిగ్గా వచ్చేదాకా ఆగాలి. మామగారు పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయారు. "ఊళ్ల లైట్లేనా గవి?" అన్నారు చివరికి. నేను నీళ్ల సీసా ఇచ్చాను.

ఇవాళ ఇంట్లోంచే పని అని ఆఫీసుకు మెయిల్ పెట్టాను. ఇది రాస్తుండగా కింద పార్కింగ్‌లోంచి అరుపులు వినిపిస్తే బాల్కనీలోకి వెళ్లి చూశాను. మామగారు నా కారులో డ్రైవరు సీట్లో కూర్చున్నారు. అత్తగారిని వెనకాల గోడ దగ్గర నిలబెట్టారు. బ్రేకు తొక్కి పట్టుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి అరుస్తున్నారు.

"కనబడుతున్నదా? స్తంభాలు స్తంభాలుగ?"