మచ్చలు పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు

ఉప్పునీటి ట్యాంకులో చేపలకి తెల్లమచ్చలు వస్తే వెల్లుల్లి మేత పెట్టమని, నాలుగు రోజుల్లో మచ్చలు పోతే నయమైనట్టేనని ఈ వ్యాసంలో రాశారు. సరిగ్గా అక్కడే నేనూ బోల్తా పడ్డాను. ఆ చుక్కలు చేప ఒంటికి పట్టిన పరాన్నజీవి పురుగులు, మూడు నుంచి ఏడు రోజుల్లో వాటంతటవే రాలిపోతాయండీ. రాలి ఇసుకలో, రాళ్ల మీద గుల్ల కట్టుకుంటాయి. ఒక్కో గుల్ల నుంచి వందల పిల్లలు బయటికొస్తాయి. మా బ్లూ ట్యాంగ్ చేప శుభ్రంగా ఉందని సంబరపడ్డానా, రెండు వారాలకి ఒళ్లంతా ఉప్పురవ్వ చల్లినట్టు! రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటూ మేత కూడా ముట్టలేదు.

చివరికి చేపలన్నిటినీ వేరే టబ్బులోకి మార్చి, రాగి మందు వేసి, టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ నెల రోజులు ఉంచాను. పెద్ద ట్యాంకులో మాత్రం రాగి వేయొద్దు, పగడాలూ రొయ్యలూ చస్తాయి. ఆ ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా వదిలేశాను. చేప దొరక్కపోతే ఆ పురుగు బతకదు. ("ఖాళీ తొట్టికి ఇంత కరెంటు బిల్లా" అని మా ఆవిడ రోజూ సణిగేది.) వెల్లుల్లి చేపకి ఆకలి పుట్టిస్తుందేమో గానీ, పురుగుని చంపదు. ఆ పేరా మార్చండి.