తురాయి చూడాలా, గూడు చూడాలా?

చలికాలంలో రాత్రుళ్ళు సున్నాకు 20 డిగ్రీల కిందికి దిగే చోట పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు పెంచాలి. ఏ జాతి అన్నదే తగువు.

గూటివాది: గూడు సరిగ్గా ఉంటే ఏ జాతైనా బతుకుతుంది బావా. లెగ్‌హార్న్ తెచ్చుకో, మేత తక్కువ, గుడ్లు ఎక్కువ.

జాతివాది: లెగ్‌హార్న్ పుంజు నెత్తి చూశావా? తురాయి అంటే నెత్తి మీది ఎర్ర కండ, దీనిది రంపంలా నిలబడ్డ పెద్ద ఒంటి తురాయి. చలికి ముందు ఆ పళ్ళ కొసలకే రక్తం అందదు. పాలిపోతాయి, తర్వాత నల్లబడి ఎండి రాలిపోతాయి. గొంతు కింద వేలాడే ఎర్రతోలు నీళ్ళు తాగినప్పుడల్లా తడిసి గడ్డకడుతుంది. ఆ నొప్పితో పుంజు పెట్టల జోలికే పోదు, పొదగేసిన గుడ్లు మురిగిపోతాయి. వయాన్‌డాట్‌కి నెత్తికి అతుక్కున్న గులాబీ తురాయి. బక్‌ఐకి, బ్రహ్మ జాతి కోడికి చిన్న బఠానీ తురాయి. ఇక షాంటెక్లేర్‌ని కెనడాలో ఒక క్రైస్తవ సన్యాసి 1908లో మొదలుపెట్టి చలి కోసమే తయారుచేశాడు. దాని తురాయి బుల్లి దిండులా ఉంటుంది, కింద తోలు ఉందా లేదా అన్నట్టుంటుంది.

గూటివాది: గులాబీలో ఒక ముల్లుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ గులాబీ జన్యువే వచ్చిన పుంజుకి వీర్యంలో చురుకు తక్కువ. నీ వయాన్‌డాట్ గుడ్లు కూడా మురుగుతాయి!

జాతివాది: నిజమే. అందుకే తెలిసినవాళ్ళు వాటిలో అప్పుడప్పుడు పుట్టే ఒంటి తురాయి పిల్లని పారెయ్యరు, జతకి వాడతారు.

గూటివాది: మరి బ్రహ్మ కాళ్ళ ఈకలు? తడిమంచులో ఐసు ఉండలు కట్టి వేళ్ళు కొరికేస్తాయి.

జాతివాది: పొడిమంచు పడే చోటే బ్రహ్మ. తిండి కూడా ఎక్కువే, గుడ్డు పెట్టడం ఆలస్యం.

గూటివాది: సరే, కిటికీలన్నీ బిగించేస్తే వయాన్‌డాట్ మాత్రం తప్పించుకుంటుందా? కోళ్ళ ఊపిరిలో, రెట్టలో ఉన్నదంతా తేమే. తెల్లారి అద్దం లోపలివైపు మంచు పేరుకుందంటే తురాయి మీదా పేరుకున్నట్టే. గాలి కన్నాలు వాలే కర్రకన్నా పైన, చూరు కింద ఉండాలి. కర్ర 4 అంగుళాల పలకైతే వేళ్ళు పొట్ట ఈకల కింద దాగుతాయి. రాత్రి నీళ్ళ గిన్నె బయట పెట్టు.

జాతివాది: ఇందులో ఒక్కటీ కాదనను. కానీ ఎండిన గూట్లో కూడా గడ్డకట్టే చలికి పెద్ద తురాయి నిలవదు.

గూటివాది: దానికి హీట్ ల్యాంప్ ఉందిగా.

జాతివాది: చెక్కపొట్టు మీద వేలాడే ల్యాంపా! ఒక్కసారి జారిపడితే గూడంతా బూడిద. పడకపోయినా, వెచ్చదనానికి అలవాటుపడ్డ కోడి అర్ధరాత్రి కరెంటు పోతే ఏమవుతుంది?

గూటివాది: మరి గుడ్ల కోసం దీపం? రోజుకు 14 గంటల వెలుగు లేకపోతే గుడ్లు తగ్గిపోతాయి.

జాతివాది: చిన్న బల్బు చాలు, అదీ తెల్లవారుజామునే. సాయంత్రం వెలిగించి ఠక్కున ఆర్పితే చీకట్లో కర్ర ఎక్కలేక నేల మీదే పడుంటాయి.

గూటివాది: ఆ మాట మొదటే చెప్పొచ్చుగా. పోనీ, ఒక్క లెగ్‌హార్న్ పెట్ట?

జాతివాది: పెట్ట అయితే తెచ్చుకో, కొస కాస్త నల్లబడినా గుడ్లు పెడుతుంది. పుంజు మాత్రం షాంటెక్లేరే.