డాన్సు బార్ల మీద నీతులు చెప్పే పెద్దలకు

మహారాష్ట్రలోని మా బల్లార్షాలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. బొగ్గు గనులు, కాగితం మిల్లు చూసుకుని వచ్చి స్థిరపడ్డవాళ్లమే చాలామందిమి. మన వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక పెద్దాయన, "డాన్సు బార్లకు అనుమతిస్తే సంస్కృతి మంటగలిసినట్టే" అని, తాగేవాళ్ల ముందు అమ్మాయిలు ఆడే బార్ల గురించి రాశారు. కింద వరసగా దండాల బొమ్మలు. నాకైతే ఒళ్లు మండింది.

2005 ఆగస్టులో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్సు బార్లు మూయించినప్పుడు త్రీస్టార్, అంతకు పైస్థాయి హోటళ్లను వదిలేసింది. అంటే పెద్దవాళ్లు చూస్తే వినోదం, ఆటో నడిపేవాడు చూస్తే అశ్లీలం! ఈ వివక్ష చెల్లదని 2006లో బొంబాయి హైకోర్టు, 2013లో సుప్రీంకోర్టు చెప్పాయి. ప్రభుత్వం ఊరుకోలేదు. 2014లో పెద్ద హోటళ్లతో సహా అందరికీ కలిపి నిషేధం పెట్టింది, 2016లో కొత్త షరతులతో ఇంకో చట్టం తెచ్చింది. బడికి, గుడికి కిలోమీటరు దూరం ఉండాలన్నది, లోపల సీసీ కెమెరాలు పెట్టాలన్నది 2019 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆడేవాళ్ల మీద నోట్లు చల్లకూడదన్నది మాత్రం ఉంచింది. టిప్పు ఇవ్వవచ్చు, చల్లకూడదు.

అసలు సంగతి ఆ నోట్ల దగ్గరే ఉంది. ఆ బార్లలో ఆడే అమ్మాయిల్లో చాలామందికి జీతమన్నదే లేదు. వచ్చినవాడు కౌంటర్‌లో పెద్ద నోటు ఇచ్చి పది రూపాయల కట్టలు తీసుకుంటాడు. ఆడే అమ్మాయి చుట్టూ చల్లుతాడు. వెయిటరు వంగి ఏరుతాడు. రాత్రి లెక్క తేల్చేటప్పుడు యజమాని వాటా ముందు పోతుంది, మిగిలింది ఆమెకు. జ్వరం వచ్చి పడుకుంటే ఆ రోజు సున్నా. ఇన్నేళ్ల గొడవలో ఆమె ఎలా ఆడిందన్న చర్చే తప్ప, ఆమె కూలి మాట ఎత్తినవాళ్లు ఎంతమంది?

ముంబయి దాకా ఎందుకు? మన జాతరలకు ఆర్కెస్ట్రా వస్తుంది కదా. వేదిక వెనక రెండు కర్రలకు దుప్పటి కట్టి, అమ్మాయిలను అందులోనే బట్టలు మార్చుకోమంటారు. ముందు వరసలో కూర్చుని నోటు ఊపే చేయి, మర్నాడు గ్రూపులో దండాలు పెట్టే చేయి చాలాసార్లు ఒకటే. పేర్లు చెప్పను, వాళ్లకే తెలుసు.

నిషేధం పెడితే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లకు మన చంద్రపూర్ జిల్లానే చూపిస్తాను. 2015 ఏప్రిల్ నుంచి ఇక్కడ మద్యం నిషేధం, 2021లో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో తాగేవాళ్లు మానేశారా? సరిహద్దు దాటి తెలంగాణ వైపు వెళ్లి తాగి వచ్చారు, ఇంట్లో ఖర్చు పెరిగింది. డాన్సు బార్లు మూసినప్పుడు ఉపాధి పోయినవారు 75,000 మంది అన్న లెక్క కోర్టు దాకా వెళ్లింది. ఇంటి అద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. వాళ్లు ఇంకా అధ్వానమైన, ఇంకా చాటుమాటు పనుల్లోకి నెట్టబడితే ఏ సంస్కృతి నిలబడినట్టు?

ఆ పని గొప్పదని నేను అనడం లేదు. మా ఇంటి పిల్ల చేస్తానంటే నేనూ వద్దనే అంటాను. కానీ చేస్తున్న మనిషికి కూలి, కాగితం, కాస్త మరుగు ఉండాలి. రాతపూర్వక ఒప్పందం ఉండాలన్న షరతు 2019 తీర్పులోనూ నిలిచింది. దాని గురించి ఒక్క సందేశమైనా గ్రూపులో వచ్చిందా?

ఈసారి జాతర కమిటీవాళ్లు రశీదు పుస్తకంతో మా గుమ్మం ఎక్కితే మూడు అడుగుతాను. ఆడేవాళ్లకు ఎంత ఇస్తున్నారు, ఎవరి చేతికి ఇస్తున్నారు, బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉందా? జవాబు వచ్చాకే చందా.